ఇలోంగా దెదే ఎవరు

బొలుంబు బజారు నుంచి వచ్చి, నెత్తి మీది చేపల బుట్ట దించకుండానే అంది: "కియాలా వాళ్ళు మన పాట మళ్ళీ రికార్డు చేస్తున్నారట."

నేను గిటారుకి కొత్త తీగ బిగిస్తున్నాను. చెయ్యి ఆగింది. నేను వాయించిన పాటల్లో దేన్నీ ఆమె ఎప్పుడూ మనది అనలేదు. పాటలు నావి, చేపలు ఆమెవి. మా సంసారంలో పంపకం అలాగే జరిగింది.

"ఏ పాట?" అన్నాను.

"తెలీనట్టు అడక్కు." బుట్ట దించి, నెత్తి మీది గుడ్డచుట్ట తీసి దులిపింది. "వెళ్ళి ఆ అబ్బాయితో చెప్పు. పాటలోంచి వాడి పేరు మాత్రం తీసెయ్యొద్దని."

ఇంట్లో ఆ ప్రస్తావన వచ్చి ఏళ్ళయింది. ఇప్పుడు కూడా ఆమె పేరు పలకలేదు. "వాడి పేరు" అంది, అంతే. ఆ మాత్రానికే నేను కిటికీ వైపు చూశాను, ఎవరైనా విన్నారేమోనని.

"వాళ్ళ పాట, వాళ్ళిష్టం. ఈ కాలం కుర్రాళ్ళు మన మాట వింటారా?"

"నువ్వు అడగవు. అది చెప్పు."

"అడగనన్నానా?"

"ఎల్లుండి బందాల్ పేటలో రిహార్సలట. వస్తే రా, లేకపోతే నేనే పోతా. ఎండు చేపలమ్ముకునేదాన్ని చూసి నవ్వుతారు. నవ్వనీ."

మా కిన్షాసా పాట రెండు ముక్కలు. మొదటి ముక్కలో గాయకుడు నిదానంగా తన గోడు చెప్పుకుంటాడు. ఈ పాటలో అయితే, నది మీద పైకి వెళ్ళి తిరిగిరాని మనిషి గురించి ఒకామె రేవులో ప్రతి పడవవాణ్ణీ అడుగుతూ ఉంటుంది. ఎవరి జవాబూ పాటలో ఉండదు. తర్వాత ఉన్నట్టుండి గిటార్లు పరుగందుకుంటాయి. అదే సెబెన్. అక్కణ్ణుంచి గోడు లేదు, నడుములే. పాడేవాడు పక్కకి జరిగితే అరిచేవాడు ముందుకొస్తాడు. అతన్ని అటలాకు అంటాం. ఆడేవాళ్ళని రెచ్చగొట్టడం, మధ్యమధ్యలో పేర్లు విసరడం అతని పని. వజ్రాల వ్యాపారి, కల్నలు, బట్టల కొట్టు యజమానురాలు, ఎవరు డబ్బిచ్చుకుంటే వాళ్ళ పేరు. పాట ఉన్నంతకాలం పేరుంటుందని వాళ్ళ ఆశ. నిజంగానే ఉంటుంది. మనిషి దివాలా తీసినా పేరు మాత్రం బార్లలో, వ్యానుల్లో మోగుతూనే ఉంటుంది.

మా బ్యాండులో అరిచేవాడు లుజొలొ. పురుగుమందు డబ్బాకి చిల్లులు పొడిచి, లోపల గింజలు పోసి చేసుకున్న గిలక ఒకటి ఎప్పుడూ అతని చేతిలో ఉండేది. నాది మూడో గిటారు. ముందు నడిచే గిటారుకీ, వెనక దరువు పట్టే గిటారుకీ మధ్య సందు నింపడం దాని పని. ఉన్నప్పుడు అది ఎవరికీ వినపడదు. లేకపోతే మాత్రం ఆడేవాళ్ళకి ఏదో తక్కువైనట్టు ఉంటుంది, ఏమిటో చెప్పలేరు.

మా అబ్బాయి ఇలోంగా నాలుగేళ్ళవాడు, ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. రిహార్సళ్ళలో లుజొలొ వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని అరిచేవాడు. వాడు పైనుంచి గిలక ఆడించేవాడు. దెదే అని ముద్దుపేరు పెట్టింది కూడా లుజొలోనే. వాణ్ణి పాతిపెట్టిన నెల లోపలే ఈ పాట రికార్డింగు వచ్చింది. వెళ్ళాను. ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేదు. సెబెన్ మధ్యలో, వజ్రాల వ్యాపారి పేరుకీ కల్నలు పేరుకీ నడుమ, అదే ఊపిరిలో, అదే హుషారుతో లుజొలొ అరిచాడు: "ఇలోంగా! ఇలోంగా దెదే!"

నా కుడిచెయ్యి ఆగింది. రెప్పపాటు. మళ్ళీ అందుకుంది.

పాట అయ్యాక లుజొలొ నా వైపు చూడకుండా బయటికి పోయి సిగరెట్టు వెలిగించుకున్నాడు. స్టూడియో యజమాని టేపు విని బాగుందన్నాడు. మళ్ళీ తియ్యలేదు. లుజొలొ తర్వాతెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. వేదికల మీద ఆ పేరు మళ్ళీ అరవనూ లేదు. మా బ్యాండు అన్ని బ్యాండుల్లాగే రెండుగా చీలింది. తర్వాత లుజొలొ చనిపోయాడు. పేరు ఆ ఒక్క రికార్డులో ఉండిపోయింది.

దాన్ని ఏం చేసుకోవాలో మా ఇద్దరికీ తెలియలేదు. వీధిలో ఏ బారులోనైనా ఆ పాట మొదలైతే బొలుంబు నిలబడిపోతుంది, నెత్తిన బుట్ట ఉన్నా సరే. రేవులో ఆడమనిషి గోడంతా ఓపిగ్గా విని, సెబెన్ వచ్చి, ఆ పేరు దాటాకే మళ్ళీ అడుగేస్తుంది. నేను మొదటి తీగ మోగగానే లేచి వెళ్ళిపోతాను. సగం తాగిన సీసా బల్ల మీదే వదిలేసి వెళ్ళిన రోజులున్నాయి. పేరు వినలేక కాదు. ఆ కేక దగ్గర జనం నడుములు ఇంకాస్త జోరందుకుంటాయి. అది చూడలేను. మనసు కోరే కోరికలు వింతగా ఉంటాయి. వాడు పోయాడని నాకు తెలిస్తే దానికి చాలదు. లోకానికీ తెలియాలనీ, ఆ ఒక్క క్షణమైనా అందరి కాళ్ళూ ఆగాలనీ అది పట్టుబడుతుంది. లోకం ఆగదు. అందుకని నేనే లేచిపోతాను.

మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ఆ రోజుల్లో వాడలో అందరూ ఆమెని ఇలోంగా అమ్మ అనే పిలిచేవారు. తర్వాత, ఎవరూ మానమనకుండానే, ఆ పిలుపు మెల్లగా మానుకున్నారు. ఒక పిలుపు ఎప్పుడు ఆగిందో గుర్తుపట్టడం కష్టం. ఆగిపోయిన చాలా కాలానికి తెలుస్తుంది.

కియాలా వాళ్ళ రిహార్సలు ఒక బారు వెనక పెరట్లో. మా దగ్గర రిహార్సలంటే తలుపులు మూసుకుని చేసుకునేది కాదు. మధ్యాహ్నానికే ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోతాయి. పాట పూర్తిగా పుట్టకముందే దాని మీద తీర్పు చెప్పే పెద్దమనుషులు వేరుశనక్కాయలు వలుచుకుంటూ కూర్చుంటారు. కరెంటు లేదు. గోడ అవతల జనరేటరు దగ్గుతోంది.

మమ్మల్ని చూసి కియాలా గిటారు మెడలో ఉండగానే ఎదురొచ్చాడు. మా బ్యాండులో ముందు గిటారు వాయించినవాడి కొడుకు. తండ్రి ముక్కు, తండ్రి నడక, తండ్రికి లేని మర్యాద.

"బాబాయ్! వస్తున్నానని కబురు పెడితే కారు పంపేవాణ్ణి కదా!"

"నీకు కారెక్కడిదిరా?"

"లేదనుకోండి. పంపేవాణ్ణని చెప్పడానికి కారుండాలా ఏంటి?"

కుర్చీల్లో నవ్వులు. దర్జీ లుసాలా లేచి బొలుంబుకి తన కుర్చీ ఇచ్చి, సీసాల పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. జుట్టు తెల్లబడేదాకా ఏ బ్యాండు రిహార్సలూ వదలని మనిషి అతను.

"చూసి నేర్చుకోండ్రా," అన్నాడు కుర్రాళ్ళతో. "వీళ్ళ కాలంలో పాటంటే పాట. మీదీ పాటేనా? టెలిఫోను డైరెక్టరీ చదివినట్టు పేర్లు చదవడం."

"వాళ్ళ కాలంలో సెబెన్ వచ్చేసరికి బీరు వేడెక్కిపోయేది, పెదనాన్నా."

"నీకు బీరెవడు పోశాడ్రా, వేడెక్కడానికి?"

జవాబిచ్చినవాడు ఈ బ్యాండులో అరిచేవాడు. అసలు పేరు ఎంబుయంబా. ఆ పేరుతో వాళ్ళమ్మ తప్ప ఎవరూ పిలవరు. అందరికీ పిడుగు. పొడుగ్గా, వెదురులా ఉన్నాడు. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ పడుతుందో తెలియదు.

కియాలా నన్ను మూడో గిటారు కుర్రాడి పక్కన కూర్చోబెట్టాడు. "బాబాయ్, ముందు ఇది చెప్పండి. ఇక్కడ." తానే ఆ కుర్రాడి గిటారు తీసుకుని వాయించాడు. నా వరసే, ఒక్క స్వరం తేడా లేకుండా. ఒకచోట ఠక్కున ఆపి, రెప్పపాటులో మళ్ళీ అందుకున్నాడు. పెరడంతా "ఆఁ!" అంది, కూరలో ఉప్పు సరిగ్గా పడినట్టు.

"లొకొఫె ఆపు అంటాం దీన్ని. మీ పేరే పెట్టుకున్నాం. నది అవతల బ్రజావిల్ కుర్రాళ్ళు కూడా వాయిస్తారు కానీ వాళ్ళకి కుదరదు. మరీ ఎక్కువ ఆపుతారు. ఎలా తట్టింది బాబాయ్ ఇది?"

"చెయ్యి జారింది," అన్నాను.

ఒక్క క్షణం చూసి అందరూ పగలబడి నవ్వారు. "చూశారా, పెద్దవాళ్ళ వినయం!" అన్నాడు లుసాలా. "చెయ్యి జారిందట! అలా జారే చెయ్యి దేవుడు నాకిస్తే ఈపాటికి పారిస్‌లో కోట్లు కుట్టేవాణ్ణి."

నాకు కోపం రాలేదు. విడిచేసిన చొక్కా బజార్లో ఇంకొకరి ఒంటి మీద కనిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వాడికి నాకంటే బాగా నప్పింది కూడా. అది నాకు జరిగిన దానికి గుర్తు. వీళ్ళ వేళ్ళలో అది ఒక అందం, అంతే. బహుశా పాటల్లో మనకి నచ్చేవన్నీ ఇలాంటివేనేమో. ఎవరికో ఎక్కడో ఊపిరి ఆగి ఉంటుంది, మనం దాన్ని సాధన చేస్తాం. బొలుంబు వైపు చూశాను. ఆమె ఈ మాటలేవీ వింటున్నట్టు లేదు. పిడుగుని చూస్తోంది.

పాట మొదలుపెట్టారు. రేవు, ఆడమనిషి, పడవవాళ్ళు. కియాలా బాగా పాడాడు. వాళ్ళ నాన్న కాలంలో గాయకుడు ఏడ్చేవాడు. వీడు ఏడవడం ఆపుకుంటున్నవాడిలా పాడాడు. అది ఈ తరం తెచ్చిన మార్పు, నాకు నచ్చింది. సెబెన్ రాగానే పిడుగు ముందుకి దూకి, నాకు తెలియని పేర్లు ఒకదాని మీద ఒకటి విసరడం మొదలుపెట్టాడు. ఆ పేరు వచ్చేచోట మాత్రం అరవలేదు. చెయ్యెత్తి పాట ఆపించాడు.

"ఇదిగో, ఇక్కడే తేలట్లేదు."

"పాత పేర్లన్నీ తీసేస్తున్నాం బాబాయ్," అన్నాడు కియాలా చెమట తుడుచుకుంటూ. "కల్నలు పోయాడు. వజ్రాలాయన లింగ్వాలా పేటలో ఫోను కార్డులు అమ్ముకుంటున్నాడట. ఇక మిగిలింది ఒక్కటే."

"ఇలోంగా దెదే," అన్నాడు పిడుగు.

పేరు అంత మామూలుగా, అరుపు కాకుండా, ఒక మనిషి గురించి మాట్లాడుకునేటప్పుడు వచ్చినట్టు రావడం అన్నేళ్ళలో అదే మొదలు. బొలుంబు చేతులు ఒళ్ళో ఉన్నాయి. వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"నాకు అది వట్టి పేరు కాదు బాబాయ్," అన్నాడు పిడుగు. "చిన్నప్పుడు మా వీధిలో ఆటలాడితే నేనే ఇలోంగా దెదే. ఇంకెవడైనా అవుతానంటే తన్నేవాణ్ణి. నేను అటలాకు అయ్యానంటే ఆ కేక వల్లే. ఎంత పెద్దమనిషో చూడండి, కల్నలుకి ఒక్కసారి, ఈయనకి రెండుసార్లు!"

"ఎంబుజి-మాయి వజ్రాల మనిషి," అన్నారు వెనక నుంచి ఎవరో.

"కాదెహె. బ్రస్సెల్సులో ఉంటాడు. మా మేనమామ చూశాడు. తెల్ల సూటు, తెల్ల బూట్లు."

"మీ మేనమామ బ్రస్సెల్సు ఎప్పుడెళ్ళాడ్రా? ఈ పేట దాటితే దారి తప్పుతాడు."

"ఫోటోలో చూశాడు!"

"మీకెవరికీ ఏమీ తెలీదు," అన్నాడు లుసాలా, వేరుశనగ పొట్టు ఊదేస్తూ. "ఆయనకి పడవలుండేవి. నేనే కోటు కుట్టాను. భారీ మనిషి. ఛాతీ ఇంత." రెండు చేతులూ చాపి చూపించాడు.

బొలుంబు ఆ రెండు చేతుల మధ్య ఖాళీని చూసింది. లుసాలా చేతులు దించేశాక కూడా అక్కడే చూస్తూ ఉంది.

నేను ఆ కేక వినపడని చోటికి నడిచిపోతున్న అన్నేళ్ళూ వాడు ఈ నోళ్ళలో పెరుగుతూ ఉన్నాడన్నమాట. బూట్లు వేసుకున్నాడు. కోటు కుట్టించుకున్నాడు. సెబెన్‌లో వినిపించే పేరు బతికున్న మనిషిదే అవుతుంది గనక, అది ఒక పసివాడిదని, పోయినవాడిదని ఎవరికీ తట్టలేదు. లుజొలొ అందరికీ తెలిసిన కట్టుబాటు ఒకటి దాటాడు. ఎవరూ దాటరు గనక దాటినట్టు ఎవరూ పోల్చుకోలేదు.

కియాలా నా వైపు తిరిగాడు. "ఆ రోజు అక్కడున్నవాళ్ళలో మిగిలింది మీరే. ఎవరాయన? ఉన్నాడా, పోయాడా?"

"పోయుంటే తీసేద్దాం," అన్నాడు పిడుగు. "నాకెంత ఇష్టమైనా సరే. పోయినవాళ్ళకి పాట మొదటి సగం ఉంది, అక్కడ ఏడుద్దాం. సెబెన్‌లో ఎలా? శవాన్ని నడుం మీద ఎక్కించుకుని ఎవడు ఆడతాడు?"

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ఇన్నేళ్ళూ నా మనసు ఏది కోరిందో అది ఇప్పుడు ఒక్క మాట దూరంలో ఉంది. చెప్తే ఆగిపోతారు. కాళ్ళు, చేతులు, పిడుగు నాలుక, అన్నీ. కుర్చీల్లోంచి లేచి నిలబడతారు. నాలుగేళ్ళవాడి కోసం ఈ పెరడంతా తల దించుకుంటుంది. ఆ తర్వాత పేరు తీసేస్తారు, ఎంతో గౌరవంగా. ఇవన్నీ నేను ఒక్కసారే, పక్కపక్కనే చూశాను. నిజం చెప్పడానికే నోరు తెరిచాను.

"నా కొడుకు," అంది బొలుంబు.

అప్పుడు పిడుగు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అమ్మా! ఇలోంగా దెదే వాళ్ళమ్మా?"

"ఆ. నేనే."

పెరడు ఒక్కసారి లేచింది. ఎవరో సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఎవరో కుర్చీ మీదికి పరుపు గుడ్డ విసిరారు. "ఇలోంగా అమ్మ! ఇలోంగా అమ్మ వచ్చింది!" అని గోడ అవతలికి కేకేశారు. బొలుంబు కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ పిలుపు ఆమెకి మళ్ళీ వినిపించింది. నాకు తెలిసి, ఆమె అక్కడే ఆగి ఉంటే బాగుండేది. కానీ వాళ్ళు అడిగారు, ఆమె చెప్పింది.

"ఎక్కడుంటాడమ్మా? బ్రస్సెల్సేనా?"

"కాదు. నది మీద పైన, ఎంబందాకాలో. పడవ ఇంజన్లు బాగుచేస్తాడు."

"ఇంజన్లా?" లుసాలా మొహం వాడింది. "పడవలు ఆయనవే కదా?"

"వాడివి కాదు. వేరేవాళ్ళవి. కోటు కూడా వేసుకోడు, నూనె మరకలవుతాయని." బొలుంబు అతని వైపు కాస్త జాలిగా చూసింది. "నువ్వు కుట్టింది ఇంకెవరికో అయ్యుంటుంది, అన్నా. మావాడు బక్కపల్చన."

జనం గొల్లుమన్నారు. లుసాలాయే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"మరి ఎవరమ్మా అతని పేరు విసిరించింది?"

"లుజొలోకి ముద్దు."

"ఈ పాట వింటాడా? డాన్సు చేస్తాడా?"

"వాడికి పాటలంటే పెద్దగా పడదు," అంది బొలుంబు. "వాళ్ళ నాన్న పొద్దస్తమానం వాయించేవాడు కదా, విసుగెత్తింది. ఇప్పుడు ఆడనూ లేడు. మోకాలు నొప్పి."

ఆమె ఆలోచించి చెప్పడం లేదు. అది నన్ను భయపెట్టింది. అప్పటికప్పుడు కల్పించేవాళ్ళు కాస్త తడుముకుంటారు. గొప్పవే చెప్తారు. ఇల్లు, కారు. ఆమె చెప్పినవి రోజూ చూసేవాళ్ళకి తెలిసే సంగతులు. నూనె మరకలు, మోకాలు. ఈ మనిషి మా ఇంట్లో ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు? నేను పక్కగదిలో గిటారు తీగలు బిగించుకుంటున్నప్పుడు అతను ఎక్కడ కూర్చునేవాడు?

"మెకానిక్కు పేరు సెబెన్‌లో ఎందుకు మరి?" అన్నాడు దరువు గిటారు కుర్రాడు నెమ్మదిగా. "ఆ చోటు ఇంకెవరికైనా..."

కియాలా వాడి వైపు చెయ్యి చూపి ఆపాడు. నా దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకుండా కాదు గాని, గొంతు తగ్గించి అడిగాడు. వాళ్ళ నాన్న మా వాడి అంత్యక్రియలకి వచ్చాడు. ఇంట్లో ఎప్పుడైనా ఏదైనా అన్నాడేమో తెలియదు. "అవునా, బాబాయ్?"

బొలుంబు నన్ను చూడలేదు. చేతిలోని సీసా మీది తడిని బొటనవేలితో తుడుస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు. ఇది నేను ఎలాగూ చెయ్యనని ఎప్పుడో తేల్చుకున్న మనిషిలా కూర్చుని ఉంది.

"అవును," అన్నాను. మళ్ళీ చెప్పాను. "అవును. ఎంబందాకాలో ఉంటాడు."

నాలుగేళ్ళవాడు ఆ మాట విన్నాడేమోననిపించింది. అది అర్థం లేని ఆలోచనే. అయినా వచ్చింది, వచ్చి చాలాసేపు పోలేదు.

"అయితే ఉంచుదాం," అన్నాడు కియాలా. "వరసలో కూర్చున్న పేరు, తీస్తే గుంట పడుతుంది. ఏం పిడుగూ?"

"తియ్యడం నాకిష్టం లేదని ముందే చెప్పాగా!" పిడుగు అప్పటికే గిలక అందుకున్నాడు. "అమ్మా, ఒక్కటి చెప్పు, ఇలోంగా దెదే అనేనా, ఇంకేమైనా కలపనా?"

బొలుంబు కొంచెం ఆలోచించింది. "బొలుంబు కొడుకు అను," అంది.

మళ్ళీ మొదటి నుంచి వాయించారు. మొదటి తీగకి నా కాళ్ళు అలవాటుగా కదిలాయి. కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. రేవులో ఆడమనిషి అడిగింది, అడుగుతూనే ఉంది. సెబెన్ వచ్చింది. పేరు నేను అనుకున్నదానికంటే తొందరగా వచ్చింది. "ఇలోంగా! ఇలోంగా దెదే! బొలుంబు కొడుకూ!" పిడుగు గొంతులో లుజొలొ గొంతులోని బొంగురు లేదు. పూర్తిగా సంతోషం. పెరడంతా నడుములు తిప్పింది. లుసాలా వచ్చి బొలుంబు చెయ్యి పట్టి లేపాడు. ఆమె కాదనలేదు. చెప్పులు విడిచి, మట్టిలో చిన్నచిన్న అడుగులతో, పెళ్ళిళ్ళలో తల్లులు ఆడినట్టు, తల కదలకుండా ఆడింది. ఆమె ఆడడం నేను మా పెళ్ళి తర్వాత చూడలేదు. ఆమె వీపు వెనక కూర్చుని చివరిదాకా విన్నాను. చచ్చిపోతాననుకున్నాను గాని, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే బరువుగా ఉంది.

ఇంకా వెలుతురు ఉండగానే బయల్దేరాం. పిడుగు రోడ్డుదాకా వచ్చి, "అన్నయ్యని అడిగానని చెప్పమ్మా," అన్నాడు. "చెప్తా," అంది. వ్యాను కోసం నిలబడ్డాం. రోడ్డు దుమ్ము, పకోడీలు వేయించే నూనె వాసన. ఎదురుగా బారులో ఎవరిదో కొత్త పాట. మేమిద్దరం చాలాసేపు అటే చూశాం.

"మోకాలికి ఏమైంది?" అన్నాను.

నేను వెక్కిరిస్తున్నానేమోనని ఆమె నా మొహంలోకి చూసింది. "తడి చెక్క మీద జారాడు. పోయినేడు."

"డాక్టరుకి చూపించాడా?"

"ఎక్కడ వింటాడు. నీలాగే."

వ్యాను ఒకటి ఆగకుండా వెళ్ళిపోయింది.

"పెళ్ళయిందా?"

"అయింది. ఆ పిల్ల ఉండలేదు, వెళ్ళిపోయింది." నిజమైన చిరాకుతో అంది. "నాకు మొదట్నుంచీ నచ్చలేదనుకో. ఒక కూతురు. దాని తల్లి దగ్గరే ఉంది."

నాకు మనవరాలు ఉందని అలా తెలిసింది. పేరు అడగబోయి ఆగాను. ఒక్కరోజులో అంత మందిని మొయ్యగలనని అనిపించలేదు.

"ఇంటికొస్తాడా ఎప్పుడైనా?"

"వస్తాడు. నువ్వు రిహార్సలుకి పోయినప్పుడు."

"నేనున్నప్పుడు?"

"నువ్వున్నప్పుడు రాడు." భుజం మీది గుడ్డ సర్దుకుంది. "వాడు నీతో మాట్లాడ్డు. చాలా ఏళ్ళయింది."

"ఎందుకని?" అన్నాను.

"వాడొచ్చేసరికి నువ్వు లేచి వెళ్ళిపోతావు కదా," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, దానికేదో చెప్పుకునేవాణ్ణి. ఇది ఇద్దరు మగాళ్ళ మధ్య నలిగి, రాజీ చెయ్యలేక వదిలేసిన మనిషి చెప్పే మాటలా ఉంది.

"ఇవాళ వెళ్ళలేదు," అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసింది. నిజంగానే ఆలోచించింది, కొడుకు సంగతి తెలిసిన తల్లిలా.

"చెప్తాలే," అంది. "వింటాడో లేదో."

వ్యాను వచ్చింది. లోపల ఒక్కరికే చోటుంది. ఆమె ఎక్కి కూర్చుంది. నేను తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని వేలాడాను. నాతో మాట్లాడని కొడుకు ఎలా ఉంటాడో ఊహించబోయాను. నూనె మరకల చొక్కా కనిపించింది. బక్కపల్చని వీపు కనిపించింది. ఎంత ప్రయత్నించినా వాడు ఇటు తిరగలేదు.